రెండో కొంగ

కొల్లేటికోట పెద్దింటమ్మ తల్లి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నన్నెరిగినవాళ్లు ఇప్పటికే నవ్వుతూ ఉంటారు. గూడబాతు ఒకటి నన్ను వీపుమీద ఎక్కించుకుని కొల్లేరు దాటించిన కథ చెప్పింది నేనే, ఒప్పుకుంటాను. ఇది ఆ కోవలోది కాదు.

మా అక్కను కొల్లేటి లంకల్లో ఇచ్చారు. మా బావ ఒకసారి ఏలూరు వచ్చి, బజారులో రెండు జపాను పింగాణీ గిన్నెలు కొని, తాటిదోనెలో వాటిని ఒళ్లో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. తెల్లటి గిన్నెలు, ఒక్కోదాని మీద నీలిరంగులో ఒక్కో కొంగ. పక్కపక్కన పెడితే కొంగలు రెండూ ఒకదాన్నొకటి చూసుకునేవి. విడదీస్తే చెరో గోడను చూస్తూ నిలబడేవి.

అక్క అత్తగారు వాటిని వంటింటి గడప దాటనివ్వలేదు. రెండు రోజులు అరుగు మీదే ఉన్నాయి. అక్క నాకు కబురంపింది.

"పింగాణీ అంటే ఎముకల పొడంటగా అబ్బాయీ! ఎముకల్లో కాఫీ తాగుతారా ఎవరన్నా?" అన్నారు అత్తగారు.

"ఎముకా కాదు, పాడూ కాదండీ అత్తయ్యగారూ. శుద్ధమైన మట్టి. అక్కడా కుమ్మరే, సారే, ఆవమే. మన కుండకి చెల్లెలి వరసండీ అది" అన్నాను.

ఏలూరులో తివాచీలు నేయించే సాయిబుగారి దగ్గర నాకు పని. నమూనాలు పట్టుకుని ఊరూరా తిరిగేవాణ్ణి కాబట్టి, దూరదేశపు సరుకుల సంగతి వస్తే మాత్రం నా మాటకు విలువుండేది. ఆవిడ నమ్మారు. నా జన్మలో అంత గట్టిగా చెప్పిన నిజం మరొకటి లేదు.

ఆ తరవాత బావ కాఫీ తాగడం ముగించి, తన గిన్నెను అక్క గిన్నె పక్కన, కొంగలు ఎదురెదురుగా వచ్చేలా పెట్టి లేచిపోయేవాడు. నలుగురిలో పెళ్లాంతో మాట్లాడని మనిషి. చెప్పదలచుకున్నదంతా అలా చెప్పేవాడు.

మూడేళ్లు తిరక్కుండానే విషజ్వరం వచ్చి బావ పోయాడు. పదోరోజున మైల కుండలన్నీ బయట పారెయ్యాలి కదా. ఇత్తడీ కంచూ అయితే చింతపండేసి తోముకోవచ్చు, మట్టికి శుద్ధి లేదు. అత్తగారు కుండలతో పాటు బావ గిన్నెను కూడా చెరువుగట్టుకు పంపించేశారు. నేను పరుగెత్తుకుని వెళ్లేసరికి నల్లటి పెంకుల మధ్య నీలిరంగు కనిపిస్తోంది.

"ఇదేం పనండీ అత్తయ్యగారూ!"

"మట్టేనని నువ్వే కదయ్యా చెప్పావు" అన్నారు. కొడుకు పోయిన మనిషి. ఆ గొంతులో కోపం కూడా లేదు.

రెండోదాని కోసమూ వెతికారు, దొరకలేదు. ఆ సాయంత్రం అక్క నన్ను పిలిచి ట్రంకుపెట్టె మూత ఎత్తింది. చీరల అడుగున గిన్నె ఉంది.

"మైల వస్తువు దాచానురా. పాపమేమో."

"ఆ పాపం నాదే అక్కా. నా నోరు ఊరుకుంటే రెండూ అరుగు మీద క్షేమంగా ఉండేవి."

అక్క కొంగను వేలితో నిమిరింది. "నువ్వు ఊళ్లు తిరుగుతావు కదా తమ్ముడూ. దీని జత ఎక్కడన్నా ఉందేమో చూడు. కొనుక్కురమ్మనడం లేదు. ఉందని తెలిస్తే చాలు."

అప్పటినుంచీ మొదలైంది నా వేట. జపాను పింగాణీ ప్రదర్శన ఎక్కడ పెట్టారో ఎవరు చెబుతారు? పత్రిక మన చేతికొచ్చేసరికి అక్కడ పందిరి కూడా పీకేసి ఉంటారు. అందుకని నేనో పద్ధతి కనిపెట్టాను. ఏ ఊళ్లో దిగినా ముందు గూడ్సు షెడ్డుకు వెళ్లేవాణ్ణి. పింగాణీ పెట్టెలు దిగినచోట గడ్డి రాలి ఉంటుంది. అదీ వరిగడ్డే, కానీ మన పొలాల గడ్డిలా కాదు, తాడులా పేని ఉంటుంది. ఆ గడ్డి వెంట పోవడమే.

తాడేపల్లిగూడెంలో అలా పోతే ఒక దుకాణంలో తేలాను. బయట 'జపాను ఎగ్జిబిషన్' అని బోర్డు. లోపల ఊరగాయ జాడీలూ, తాళం తిప్పితే డోలు వాయించే కోతిబొమ్మలూ.

"కొంగ లేదండీ, కోతుంది. పట్టుకెళ్లండి, కొంగకన్నా హుషారుగా ఉంటుంది" అన్నాడు దుకాణదారు.

బెజవాడలో నిజమైన ప్రదర్శనే దొరికింది. గుమ్మంలో ఖద్దరు కట్టిన పెద్దమనిషి అడ్డంగా నిలబడ్డాడు.

"విదేశీ సరుకు కళ్లతో చూసినా దోషమేనండీ."

"కొననండీ, చూసి వచ్చేస్తాను."

"లోపలున్న వాళ్లంతా ఇదే మాట చెప్పి వెళ్లారండీ!"

లోపల ప్రతి గిన్నె మీదా ఒక కొండ ఉంది. కొంగ లేదు. సాయిబుగారు నవ్వేవారు. "ఏవండీ, తివాచీలు అమ్మడానికి వెళ్తున్నారా, గడ్డి ఏరడానికా?"

నిరుడు వానాకాలంలో అక్క మంచం పట్టింది. డాక్టరు దోనెలో వచ్చి చూసి, నన్ను గట్టుదాకా నడిపించుకెళ్లి, ఇక లాభం లేదన్నాడు. ఆ వారమే, తివాచీల కట్టకు చుట్టిన పత్రికలో, మద్రాసులో పెద్ద జపాను పింగాణీ ప్రదర్శన అని కనబడింది. ఈసారి సాయిబుగారు నవ్వలేదు. "వెళ్లి రండి. నమూనాలు వద్దులెండి" అన్నారు.

వెళ్లాను. పెద్ద హాలు, గాజు బీరువాలు. మూడో వరసలో ఉంది. నీలి కొంగ, ఎడమకు తిరిగి. అమ్మకానికి కాదన్నారు. హాలు మూసేదాకా దాని ముందే నిలబడి, ఆ రాత్రి బండికే బయలుదేరాను.

"చూశావా?" అంది అక్క. లేవలేని మనిషి మోచేతి మీద లేవబోయింది.

"చూశాను. అచ్చం అదే."

"కాలి దగ్గర తామరమొగ్గ ఉందా?"

"ఉంది. విచ్చీ విచ్చకుండా."

నన్ను చాలాసేపు చూసింది. "ఎటు చూస్తోందిరా?"

"నీ కొంగవైపే."

"పోనీలే. అంత దూరం వెళ్లొచ్చావు, అన్నం తిన్నావా?" అంది. నాలుగోరోజు పోయింది.

పదోరోజున, నడుం వంగిపోయిన అత్తగారు పెట్టెలోంచి గిన్నె పట్టుకొచ్చారు. "ఇన్నాళ్లూ ఇక్కడుంది చూడయ్యా. ఇదీ మట్టేగా?"

"కాదండీ. రాయి. తెల్లరాయి నూరి చేస్తారు. తోమితే సరిపోతుందండీ."

ఆవిడ నా ముఖంలోకి చూశారు. చింతపండు తెప్పించి తానే తోమారు. నేనుండబట్టలేక అడిగాను. "బావ గిన్నె మీద, కొంగ కాలి దగ్గర తామరమొగ్గ ఉండేది కదండీ?"

"మొగ్గేమిటయ్యా? ఒట్టి కొంగేగా. మూడేళ్లు నా కళ్లముందున్నదే."

ఇక్కడ ఆపేద్దామనుకున్నాను. కానీ ఒట్టేసి మొదలుపెట్టానాయె. మద్రాసులో హాలు నిజం. నేను వెళ్లేసరికి లోపల వడ్రంగి ఒకడు పెట్టెలకు మేకులు కొడుతున్నాడు. ప్రదర్శన ముందురోజే అయిపోయింది. నేలనిండా ఆ పేనిన గడ్డి. గాజు బీరువాలూ, మూడో వరసా, కొంగా నేను కల్పించినవి. రైలుదారి పొడుగునా కల్పించుకుంటూ వచ్చాను. మొగ్గ మాత్రం అక్క అడగ్గానే అక్కడికక్కడే పూయించాను. లేని మొగ్గని అక్క ఎందుకడిగిందో అత్తగారి మాట విన్నాకగాని తెలియలేదు.

గిన్నె ఇప్పుడు ఏలూరులో మా ఇంటి గూట్లో ఉంది. కొంగ గోడను చూడకుండా కిటికీవైపు తిప్పి పెట్టాను. మొన్న రాజమండ్రిలో దిగినప్పుడు కూడా ముందు గూడ్సు షెడ్డుకే వెళ్లాను.