అత్త కాఫీ, ఆగిన పెళ్ళిబొమ్మ

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లోకంలో ఒక్కటీ లేదు. పాలిటెక్నిక్ నుంచి అప్పుడే బయటపడి, మలేసియాలోని ఇపో పట్నంలో వైఫై పెట్టెలు బిగించే కొలువులో చేరినవాణ్ణి మరి. తుంటి విరిగి సుంగై సుమున్ ఊళ్ళో మంచం పట్టిన మా మామ్మ మా అక్క పెళ్ళికి రాలేకపోతోందని అందరూ దిగులుపడుతుంటే, "మంచం దగ్గరికే పెళ్ళి తెస్తాను" అని మాటిచ్చేశాను. అక్కను పెంచింది మామ్మే. పుస్తె కట్టడం కళ్ళారా చూడాలన్నదే ఆవిడ కోరిక.

పెళ్ళి హాల్లో మామ్మతో వీడియో కాల్‌కని ఫోనును స్టాండుకు బిగించి, వైఫై పెట్టెను వంటగది గోడకు ఆనించి పెట్టాను (ప్లగ్గు అక్కడే ఉంది). మంత్రాలు మొదలయ్యాయో లేదో, మామ్మ తెరమీద బొమ్మ ఆగిపోయింది. మామ్మ పక్కనున్న తమ్ముడు వెంటనే ఫోను చేశాడు. "అన్నా, అక్క రాయిలాగ కదల్డం లేదు. మామ్మ ఏడుస్తన్నాది!"

బొమ్మ వచ్చింది, మళ్ళీ ఆగింది. లైసెన్సు అక్కర్లేని ఆ కాసిని తరంగాల్లోనే వైఫై, బ్లూటూత్, తీగలేని మైకు అన్నీ సర్దుకోవాలని చదువుకున్నాను కదా, వెంటనే నా తరంగాలు కాజేసే దొంగల వేటలో పడ్డాను. పెదనాన్న చెవిలోని బ్లూటూత్ పీకించాను. పంతులుగారి మైకు ఆపించాను. గొంతు చించుకుంటూ ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అయినా బొమ్మ ఆగుతూనే ఉంది. నాకు ముచ్చెమటలు పోశాయి.

ఇంతలో మేనత్త కాఫీ తెచ్చింది. "ఏట్రా, మొకం అలగ వాడిపోనాది? తాగు లా." (మా మలేసియాలో మాట చివర 'లా' తగిలించనిదే తోచదు.)

తర్వాత తాగుతానన్నాను. కాసేపటికి మళ్ళీ వచ్చి గ్లాసు తాకి చూసి, "సల్లారిపోనాది. ఎచ్చబెట్టి తెస్తానుండు" అంటూ వంటగదిలోకి వెళ్ళింది. బొమ్మ ఆగింది. నేను బెంబేలెత్తాను. నా అవతారం చూసి అత్త ఇంకాస్త జాలిపడి, చల్లారిన కాఫీని ఇంకోసారి వెచ్చబెట్టుకొచ్చింది. (మా ఇళ్ళలో కాఫీ పొగలు కక్కకపోతే మర్యాద తప్పినట్టే.) బొమ్మ మళ్ళీ ఆగింది.

పంతులుగారు మంగళసూత్రం పెళ్ళికొడుకు చేతికిచ్చారు. సరిగ్గా అప్పుడే అత్త గ్లాసు కోసం చెయ్యి చాచింది. ఏడుపొక్కటే తక్కువ నాకు. ఆవిణ్ణి వదిలించుకోవాలని ఆ చల్లటి కాఫీని గటగటా తాగేశాను. వెచ్చబెట్టడానికి ఇక ఏమీ మిగల్లేదు. మూడు ముళ్ళూ పడేదాకా బొమ్మ ఆగలేదు. అక్కడ మామ్మ ఫోను తెరమీదే అక్షింతలు వేసిందట.

గిన్నెలు సర్దేటప్పుడు చూశాను. గోడకవతల, నా పెట్టె వెనకే అత్త కాఫీ వెచ్చబెట్టిన మైక్రోవేవ్ ఓవెన్! అదీ ఆ తరంగాల్లోనే పనిచేస్తుంది. వైఫై ఎదుటివాళ్ళ సందడి విని కాసేపు ఆగుతుంది, బ్లూటూత్ పక్కకు తప్పుకుంటుంది. ఓవెన్ మాత్రం ఎవరి మాటా వినదు, అచ్చం మా అత్తలాగే.

ఇప్పుడు నా పెట్టెలు వేరే తరంగాల మీద నడుస్తాయి. ఎన్ని ఓవెన్లు తిరిగినా బొమ్మ ఆగదు, నా మొహం వాడదు. అందుకే కాబోలు, ఏ పెళ్ళిలోనూ నాకెవరూ కాఫీ వెచ్చబెట్టి తేవడం లేదు.