తిట్టడానికి చాలినంత ఊపిరి

ఆ ఉదయం పచ్చడి కోసం ఎండు మిరపకాయలు వేయిస్తున్నాను. ఆ ఘాటుకు వసారాలో కూర్చున్న మా ఆయన దగ్గీ దగ్గీ, "ఏందే, ఇల్లు తగలబెడతన్నావా?" అని అరిచాడు. నాకు చీమ కుట్టినట్టయినా లేదు. మూకుడు మీద మొహం పెట్టి పీల్చినా ఏ వాసనా రాలేదు. గురజాల పక్క మిరప చేల మధ్య పుట్టి పెరిగినదాన్ని, మిరపకాయ ఘాటు తెలియలేదంటే ఒంట్లో ఏదో చెడిందని భయం వేసింది. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలం అది.

సాయంత్రానికి జ్వరం వచ్చింది. టెస్ట్ చేస్తే పాజిటివ్. ఆశా కార్యకర్త మాత్రలిచ్చి, ఆక్సీమీటర్ వేలికి పెట్టుకోవడం నేర్పి, వెనక గదిలో విడిగా ఉండమంది. రక్తంలో ఆక్సిజన్ శాతం, అదే శాచురేషన్, తొంభై నాలుగుకు దిగితే వెంటనే ఫోన్ చేయమంది. మర్నాడు చూస్తే, మా ఇంటి రోగం పాకుతుందని సందు మొదట్లో తుమ్మకంప అడ్డంగా వేసి ఉంది. మా ఆయన గొడ్డలితో నరకబోతే వీధి కుర్రాళ్లు కర్రలతో మీదపడ్డారు. నుదురు చిట్లి చొక్కా అంతా నెత్తురు. సందువైపు కిటికీలోంచి చూస్తున్న నేను వాళ్ల ఏడు తరాలనూ కడిగేద్దామని నోరు తెరిచాను. దగ్గు తప్ప మాట రాలేదు. నా నోటికి ఊరంతా జడిసేది. జ్వరం కన్నా ఆ మూగతనమే నన్ను ఎక్కువ చంపింది.

గోడ అవతల వెంకాయమ్మ వదిన ఉంటుంది. ఆవిడ కోళ్లు మా తోటకూర మడి కెలకడం, నేను తిట్టడం, ఆవిడ అంతకు రెండింతలు తిట్టడం మాకు కాఫీ తాగినంత మామూలు. నేను మంచాన పడ్డాక కూడా రోజూ పొద్దున్నే గోడ మీంచి కదిలించేది. "ఏమే, మడంతా తినేసినయ్యి. నోరు పడిపోయిందా?" అనేది. ఒళ్లు మండిపోయేది. ఆ మంట కోసమే ఎప్పుడు తెల్లవారుతుందా అని చూసేదాన్ని.

ఒక మధ్యాహ్నం శాచురేషన్ ఎనభై ఆరుకు పడిపోయింది. అంబులెన్స్ వచ్చి కంప దగ్గర ఆగిపోయింది. కుర్రాళ్లు కంప తీయనివ్వలేదు. వెంకాయమ్మ వదిన కొడవలి చంకలో పెట్టుకుని వచ్చి, ఉత్త చేతులతో కంప ఈడ్చేసింది. ఒకడు అడ్డం వస్తే కొడవలి వాడి మెడ దాకా పోయింది. ఆవిడ చేతుల నుంచి నెత్తురు కారుతోంది. స్ట్రెచర్ మీదున్న నన్ను చూసి, "నువ్వు చస్తే నేనెవరితో పోట్లాడాలే? ఊపిరి తెచ్చుకుని రా" అంది.

నరసరావుపేట ఆసుపత్రిలో డాక్టరు గారు సీటీ స్కాన్ చూసి, "లంగ్స్‌లో ప్యాచెస్ ఉన్నాయమ్మా. ప్రోన్ పొజిషన్, అంటే బోర్లా పడుకోవాలి. కష్టమైనా పడుకోండి" అన్నారు. ఆక్సిజన్ పెట్టారు, స్టెరాయిడ్స్ ఇచ్చారు. వాటితో షుగర్ ఎగబాకి ఇన్సులిన్ కూడా మొదలైంది. పక్క బెడ్ మీది ఆవిడ నా కళ్లముందే పోయింది. నేను బోర్లా పడుకుని, పళ్లు కొరుకుతూ, ఆ కుర్రాళ్లకూ వదిన కోళ్లకూ బాకీపడ్డ తిట్లన్నీ కూడబెట్టుకున్నాను.

ఇంటికొచ్చాక, లోపల మూడు బంతులుండే స్పైరోమీటర్‌తో, ఆ బంతులు లేచేలా గాలి పీల్చమన్నారు. నాకు ఒక్కటే లేచేది. నా అసలు పరీక్ష మాత్రం గోడ దగ్గర. మొదటి రోజు ఒక్క తిట్టుకే ఆయాసం వచ్చి కూలబడ్డాను. కొన్నాళ్లకు రెండు తిట్లు వచ్చాయి. నాకు తిరిగి తెలిసిన మొదటి వాసన మడిలో కోళ్ల రెట్ట. అక్కడే కూర్చుని సంతోషంతో ఏడ్చాను. ఒక ఉదయం ఆగకుండా, దగ్గకుండా, కోళ్ల నుంచి వాటి యజమానురాలి దాకా అందరినీ దులిపేశాను. వెంకాయమ్మ వదిన ఎదురు తిట్టలేదు. లోపలున్న మొగుణ్ణి పిలిచి, "ఇదిగో, ఇది బతికింది" అంది.

ఇప్పటికీ మెట్లెక్కితే ఆయాసమే. ఆ కుర్రాళ్లను క్షమించలేదు, క్షమించను. మీకు చెప్పేదొకటే. రోగిని వేరే గదిలో పెట్టండి గానీ మాటకు దూరం చేయకండి. ఎడంగా నిలబడి అయినా రోజూ పలకరించండి, తిట్టయినా సరే.

వెంకాయమ్మ వదిన అరచేతుల్లో ముళ్లు దిగిన మచ్చలు ఇంకా పోలేదు. ఈ పొద్దున కూడా నేను కోళ్లను తిడుతుంటే చేతులు తిప్పుతూ గోడ దగ్గరికి వచ్చింది. ఆ మచ్చలు కనబడి నా గొంతు తగ్గింది.

"ఏమే, ఊపిరి చాల్లేదా?" అంది.

"చానా ఉంది వదినా" అని మళ్లీ అందుకున్నాను.