రెండు గీతల మధ్య చర్మం

మా వదిన శవపరీక్షలు చేసే డాక్టరు. ఇంట్లో కూరలో ఉప్పెక్కువైతే నోరెత్తదు గానీ, శవం మెడ చూడకుండా ఎవరైనా తీర్పు చెబితే మాత్రం ఉతికి ఆరేస్తుంది. ఆమె రిపోర్టులు టైపు చేసేది నేనే కాబట్టి ఆ ఉతుకుడంతా నాకు కంఠతా వచ్చు.

ఆ రోజు వచ్చిన శవం ఒక దర్జీది. కొట్టు వెనకగదిలో గుడ్డపీలికకు వేలాడుతుంటే భార్య చూసింది. ఆమే చంపి వేలాడదీసిందని దర్జీ వాళ్ళన్నయ్య ఫిర్యాదు చేశాడు. ఆమెను అప్పటికే స్టేషన్లో కూర్చోబెట్టారు.

ఇన్‌స్పెక్టర్ మెడ మీదికి వేలు చూపించాడు. "రెండు గీతలున్నాయి మేడం. కింది అడ్డగీత గొంతు బిగించినప్పటిది. పైన ఏటవాలుగా ఉన్నది తర్వాత వేలాడదీసినప్పటిది. ఇంకేం కావాలి?"

నిజం చెప్పొద్దూ, నాకూ ఆ లెక్క సబబుగానే తోచింది. వదిన భూతద్దం తీసి గీతల్ని వదిలేసి, వాటి మధ్య చర్మం చూడటం మొదలుపెట్టింది.

"ఇక్కడ కింది నుంచి పైకి గీరుకుపోయింది. లేచిన పొర పైగీత అంచున పోగుపడింది. పీలిక మొదట కింద బిగిసి, ఒంటి బరువుకి పైకి జారింది."

"చంపి కట్టినా జారుతుందిగా?"

"జారుతుంది. అందుకే తొందరపడొద్దంటున్నా."

ఆ పీలిక తెప్పించింది. దాని నేత అచ్చు రెండు గీతల్లోనూ ఒకటే. మెడ లోపల చూస్తే, ఎవరైనా గొంతు బిగించి ఉంటే కమలాల్సిన కండ కింది గీత అడుగున కమల్లేదు. పెనుగులాడిన గోటిగాటు ఒక్కటీ లేదు. అన్నీ సరిచూసుకున్నాకే, తనంతట తను వేసుకున్న ఉరి అని నాచేత టైపు చేయించింది.

దర్జీ భార్యను వదిలేశారు. ఆమె నేరుగా మా ఆఫీసుకే వచ్చింది.

"మీ తప్పేమీ లేదమ్మా. ఆయన మెడ మీద ఎవరి చెయ్యీ పడలేదు" అంది వదిన.

ఆమె ముఖం తేటపడుతుందనుకున్నాను. బెంచీ మీద కూలబడింది.

"నేను చంపలేదని అందరి దగ్గరా మొత్తుకున్నాను డాక్టరమ్మా. లోపల మాత్రం, ఎవరో ఒకరు చంపుంటే బాగుండుననుకున్నా. ఆయన మిషన్ మీద ఉంటే నేను ఎదురుగా కూర్చుని గుండీలు కుట్టేదాన్ని. నాకొక్క మాట చెప్పకుండా ఎందుకు పోయాడు?"

మెడల గురించి ఎంతైనా మాట్లాడే మా వదిన ఆమె పక్కనే కూర్చుంది. "అది నాకు మెడలో కనపడదమ్మా" అంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అన్నయ్యను అడిగింది.

"ఏమండీ, మీ మనసులో బాధేమైనా ఉందా?"

"ఉంది. కూరలో ఉప్పెక్కువైంది" అన్నాడు అన్నయ్య.

నాకు నవ్వొచ్చింది. వదిన నవ్వలేదు. కంచం పక్కకు జరిపి, ఆయన ముఖంలోకి చూస్తూ మళ్ళీ అదే అడిగింది.