సగం రంది, సగం గోలీ

భార్య దేవవ్వ చనిపోయిన రోజు సదానందం ఏడవలేదు. ఆ తరువాతా ఏడవలేదు. సిరిసిల్లలో అతనుండే వాడంతా సాంచాల మీద బతికేవాళ్లే, ఒకరికొకరు ఎరిగినవాళ్లే. ఆడవాళ్లు వచ్చి అతని ముందు కూర్చుని శోకం తీస్తుంటే అతడు గోడకు ఆనుకుని వాళ్ల నోళ్ల వైపే చూస్తూ ఉండిపోయాడు. ఏళ్ల తరబడి ఆ మరమగ్గాల చప్పుడులో నలిగిన చెవులు కదా, వినపడడం లేదేమోనని కొందరు అనుకున్నారు. అన్నీ వినపడుతూనే ఉన్నాయి. లోపల ఎక్కడా తగలడం లేదు, అంతే.

నిజానికి జబ్బు మనిషి అతడు. దేవవ్వకు జ్వరం వచ్చిన రోజులే తక్కువ. రెండేళ్ల కింద అతని పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టకుండా అయ్యాయి. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చునేవాడు. "పనికి పోకుంటె పాయె, పా" అని దేవవ్వే అతన్ని కరీంనగర్ తీసుకుపోయింది. గుండె రక్తాన్ని పంపు చేసే బలం తగ్గిందని, అందుకే ఒంట్లో నీరు నిలుస్తోందని డాక్టరమ్మ చెప్పింది. కొన్ని మందులు రాసింది. అందులో ఒకటి, ఒంట్లో నిలిచిన నీటిని మూత్రంలో బయటికి పంపేది. దానికి దేవవ్వ నీళ్ల గోలీ అని పేరు పెట్టింది.

ఆమెకు చదువు రాదు. ఏ గోలీ ఏ రంగు రేకులో ఉంటుందో, ఏది తినకముందు వేయాలో, ఏది తిన్నాక వేయాలో అన్నీ గుర్తే. పొద్దున చాయ్ తాగగానే గోలీ అతని అరచేతిలో పెట్టి, మింగేదాకా అక్కడి నుంచి కదిలేది కాదు. కూరలో ఉప్పు తగ్గించింది. మామిడికాయ తొక్కు సీసా అటక మీదికి ఎక్కించింది. "గింత సప్పటి కూడు ఎవడు తింటడే" అని అతడు అరిస్తే, "నువ్వే తింటవు" అనేది. తన ఒంటి లెక్కంతా ఆమెకు అప్పజెప్పి సదానందం నిశ్చింతగా ఉన్నాడు. ఏ గోలీ ఎందుకని ఒక్కనాడూ అడగలేదు.

ఒక మధ్యాహ్నం బీడీలు చుట్టే చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న దేవవ్వ "తల పగులుతుంది" అని పక్కింటి లింగవ్వతో చెప్పి అలాగే పక్కకు ఒరిగింది. మెదడులో నరం చిట్లిందన్నారు. ఆసుపత్రిలో చేర్చినా సాయంత్రానికి మనిషి లేదు.

దినాలు అయ్యేదాకా ఆ ఇంట్లో మందుల మాట ఎవరికీ గుర్తు రాలేదు. సదానందానికి అసలే రాలేదు. గోలీ అంటే అరచేతిలోకి వచ్చేది. రాలేదు కాబట్టి వేసుకోలేదు. మెట్‌పల్లిలో ఉండే కూతురు అలేఖ్య, తల్లి కర్మకాండ ముగిశాక తండ్రి కాళ్లు చూసి ఉలిక్కిపడింది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. ఆమె భర్త మస్కట్‌లో పనిచేస్తాడు. చంకలో పిల్లతో తండ్రిని వెంటబెట్టుకుని కరీంనగర్ బస్సెక్కింది.

మునుపు చూసిన డాక్టరమ్మే, మమతారాణి, అతని ఛాతీ, కాళ్లు చూసింది. అదే సమయానికి పిల్ల గుక్కపట్టి ఏడవడంతో అలేఖ్య బయటికి వెళ్లింది. డాక్టరమ్మ సదానందం వైపు వంగి నిదానంగానే చెప్పింది. నీళ్ల గోలీ ఒక వారం రెండు పూటలా వేసుకోవాలి, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ఆ తరువాత మళ్లీ పొద్దున ఒక్కటే. వారం కాగానే రక్తపరీక్ష చేయించుకుని వచ్చి కనపడాలి. సదానందం తల ఊపాడు. ఆమె పెదాలు కదలడం చూశాడు. "రెండు" అన్న మాట ఒక్కటే లోపలికి దిగింది.

"ఏమన్నది బాపూ?" అని బయట అలేఖ్య అడిగింది.

"రెండు ఏస్కొమ్మన్నది."

ఆమె ఆ మాటే పట్టుకుని మెట్‌పల్లి వెళ్లిపోయింది. పిల్లకు ఒళ్లు బాగా లేదు, ఇంటి దగ్గర అత్త ఒక్కతే ఉంది.

రోజుకు రెండు వేసుకున్నాడు, పొద్దునొకటి, మధ్యాహ్నమొకటి. నాలుగు రోజులు కాకముందే కాళ్లు సన్నబడ్డాయి, ఊపిరి తేలికైంది. మళ్లీ కార్ఖానాకు పోవడం మొదలుపెట్టాడు. వారం దాటింది, ఇంకో వారమూ దాటింది. గోలీలు అయిపోతే ఖాళీ రేకు మందుల దుకాణంలో చూపించి మళ్లీ తెచ్చుకున్నాడు. డాక్టరు చెప్పిన పని చేస్తున్నాననే అనుకున్నాడు. అనుకున్నాడనడం కూడా ఎక్కువే. పొద్దున లేస్తున్నాడు, గోలీ మింగుతున్నాడు, పోతున్నాడు. దేవవ్వ లేని ఇంట్లో ఆమె చేయించిన పని అది ఒక్కటే మిగిలింది.

ఎండలు ముదిరాయి. రేకుల కప్పు కింద సాంచాలు ఆడుతుంటే కార్ఖానా పొయ్యిలా ఉండేది. గోలీ వేసుకున్నాక మాటిమాటికి బయటికి పోవాల్సి వచ్చేది. పోయి వచ్చేలోపు ఏదో ఒక సాంచా మీద పోగు తెగి గుడ్డ పాడయ్యేది. అందుకని నీళ్లు తాగడం తగ్గించాడు. నీళ్లు మరీ ఎక్కువ తాగవద్దని మొదట్లో డాక్టరమ్మ చెప్పిన మాట కూడా ఉంది కదా అనుకున్నాడు. ఎంత తాగవచ్చో కూడా ఆమె చెప్పింది, కానీ రోజూ కొలిచి ఇచ్చింది దేవవ్వ. ఆ కొలత అతనికి తెలియదు.

మెల్లమెల్లగా ఒళ్లు అతనిది కానట్టు తయారైంది. కూర్చున్నవాడు లేస్తే కళ్ల ముందు చీకట్లు కమ్మేవి. పిక్కలు రాయిలా బిగుసుకునేవి. నాలుక అంగిట్లో అంటుకుపోయేది. పెదాల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి. తెగిన పోగు ముడివేయబోతే చేతికి పోగు తగిలిందో లేదో తెలిసేది కాదు. అన్నం ముందు కూర్చుంటే అన్నం అలాగే ఉండేది. ఇవేవీ అతన్ని కంగారు పెట్టలేదు. భార్య పోయిన మనిషి ఇలాగే ఉంటాడు కాబోలు అనుకున్నాడు.

అందరూ అదే అన్నారు. పక్క సాంచాలు నడిపే కొండల్ ఒకరోజు చాయ్ తాగేటప్పుడు అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"అన్నా, వదినె పోయిన రంది నిన్ను లోపల్లోపల తింటుంది. జర ఏడ్వు. ఏడిస్తెనన్న పాణం తేలికైతది."

"వస్తలేదు కొండల్."

"ఏం వస్తలేదు?"

"ఏడుపు."

కొండల్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "పోనీ కొండగట్టు పోయొద్దామా? అంజన్న కాడ ఒక్క నిద్ర చేసొస్తె మంచిగైతవు."

"పోదాం" అన్నాడు సదానందం. ఎవరేమన్నా అలాగే అనేవాడు. అలేఖ్య రోజూ ఫోను చేసి "తిన్నవా బాపూ?" అంటే "తిన్న" అనేవాడు. "గోలీలేసుకుంటున్నవా?" అంటే "ఏసుకుంటున్న" అనేవాడు. రెండో మాట నిజమే.

వేసవి చివర్లో వాడలో ఒక పెళ్లి భోజనం తిన్నాక అతనికి విరేచనాలు పట్టుకున్నాయి. రెండో రోజుకు నిలబడే ఓపిక కూడా లేకుండా అయింది. అయినా పొద్దున గోలీ మింగాడు. మధ్యాహ్నం మరొకటి మింగాడు. ఒంట్లోంచి నీరు ఒకవైపు నుంచి అలా పోతుంటే మరోవైపు నుంచి గోలీతో తోడేస్తున్నాడని అతనికి తట్టలేదు. ఇంట్లో పడుకోవడం కంటే కార్ఖానాలో ఉండడమే నయమనిపించి పనికి పోయాడు. సాంచాల నడుమ నడుస్తూ నడుస్తూ మోకాళ్ల మీద కూలబడ్డాడు. తల ఇనుప చట్రానికి తగిలి నుదురు చిట్లింది. కొండల్ పరుగెత్తుకొచ్చి సాంచాలు బంద్ చేశాడు. నెత్తురు కారుతున్నా సదానందానికి నొప్పి తెలియలేదు. పై రేకుల సందులోంచి పడుతున్న వెలుతురును చూస్తూ, 'ఇక లేవక్కర లేదు కదా' అనుకున్నాడు. ఆ ఆలోచనలో భయం లేదు, సంతోషమూ లేదు.

కరీంనగర్ ఆసుపత్రికి అలేఖ్య చేరేసరికి అతని చేతికి సెలైన్ ఎక్కుతోంది. గుండె బలహీనం కాబట్టి చుక్క చుక్కగా, కనిపెట్టుకుంటూ ఎక్కిస్తున్నారు. డాక్టర్ మమతారాణి రక్తపరీక్షల కాగితం చేతిలో పట్టుకుని వచ్చింది.

"ఒంట్లో నీళ్లు లేవు. సోడియం, పొటాషియం బాగా పడిపోయినయ్. కిడ్నీల మీద కూడా దెబ్బ పడ్డది. నీళ్ల గోలీ ఎన్ని వేసుకుంటున్నరు?"

"రెండు" అన్నాడు సదానందం.

"ఎప్పటి నుంచి?"

"మీరు చెప్పినకాంచి."

డాక్టరమ్మ చేతిలోని కాగితం మడిచింది. తరువాత మంచం పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. "వారమే వేసుకొమ్మన్న. వారం కాంగనే రమ్మన్న. ఆ రోజు మీరు తల ఊపిన్రు. నేనన్న మళ్లొకసారి మీ నోటితోని చెప్పించుకోవాల్సింది. బయటికి పోయిన మీ బిడ్డను గూడ పిలిచి చెప్పాల్సింది."

అలేఖ్య కొంగుతో ముఖం తుడుచుకుంది. "మేడం, మేమందరం అవ్వ రంది అనుకున్నం. తినకపోవుడు, మాట్లాడకపోవుడు, నడిస్తె తూలుడు... గోలీతోని గిట్లయితదని ఎవ్వరికి తెల్వదు."

"రంది లేదని నేనంటలేను అలేఖ్యా. కానీ తిమ్మిర్లు, పిక్కలు పట్టుకునుడు, కళ్లు తిరుగుడు, ఇవన్నీ రంది కావు. సగం రంది, సగం గోలీ. గోలీ సగం నేను తీస్త."

మాట ప్రకారమే తీసింది. కొద్ది రోజుల్లో వేళ్ల కొసలకు స్పర్శ తిరిగొచ్చింది. ముందు నుదుటి మీది గాయం నొప్పి పెట్టడం మొదలైంది. సూది గుచ్చిన చోట మంట తెలిసింది. పక్క మంచం మీది మనిషి తింటున్న జొన్నరొట్టె వాసనకు ఆకలి వేసింది.

ఇంటికి పంపే రోజు డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టింది. ఈసారి ఒక్కో మాట చెప్పి, సదానందంతో తిరిగి చెప్పించింది.

"నీళ్ల గోలీ ఎప్పుడు?"

"పొద్దుగాల. ఒక్కటి."

"ఒకరోజు మర్చిపోతే? తెల్లారి రెండేస్తరా?"

"ఎయ్య. ఒక్కటే."

"వాంతులో, విరేచనాలో అయితే?"

సదానందం తడుముకున్నాడు. అలేఖ్య నోరు తెరవబోతే డాక్టరమ్మ చేత్తో ఆపింది.

"ఎంటనే మీకు ఫోన్ జెయ్యాలె. గోలీ ఆపుడా, తగ్గించుడా మీరు చెప్తరు."

"మంచిగయింది కదా అని మీ అంతట మీరే మానేస్తే మళ్లీ కాళ్లు ఉబ్బుతయి, ఊపిరాడది. ఎక్కువ వేసినా ముప్పే, మానేసినా ముప్పే. మోకాళ్ల నొప్పులని దుకాణంల నొప్పుల గోలీ కొనద్దు, కిడ్నీలకు మంచిది కాదు. రోజుకు ఎన్ని నీళ్లు తాగాల్నో రాసిన, అంతకు తగ్గద్దు, పెరగద్దు. పొద్దున ఒంటికి పోయొచ్చినంక, తినకముందు బరువు చూసుకోండ్రి. రెండు మూడు రోజులల్ల రెండు కిలోలు పెరిగినా, ఉన్నట్టుండి తగ్గినా నాకు చెప్పండ్రి. రక్తపరీక్షకు పిలిచిన రోజు తప్పకుండ రావాలె."

ఇంట్లో బరువు చూసుకునే మిషన్ లేదు. అలేఖ్య కొంటానంది. కొండల్ నవ్వి, "నూలు తూచే కాంటా ఉన్నది కదా" అన్నాడు. కార్ఖానాలో ముగ్గురు నలుగురు నిలబడినా తట్టుకునే కాంటా అది. రోజూ అంబలి తాగకముందే సదానందం వెళ్లి, చొక్కా విప్పి దాని మీద నిలబడేవాడు. మొదట్లో తోటి పనివాళ్లు "అన్న ఎంత ధర పలుకుతుండో!" అని ఎగతాళి చేశారు. తరువాత మానేశారు. యజమానితో మాట్లాడి కొండల్ అతని సాంచాలు తగ్గించాడు. బయటికి పోయినప్పుడల్లా అతని పోగులు తనే చూసుకునేవాడు.

ఒళ్లు కుదుటపడింది. తినగలుగుతున్నాడు, తూలకుండా నడుస్తున్నాడు. వాడలో వాళ్లు "సదానందం రందిలకెల్లి బయటికొచ్చిండు" అనుకున్నారు. అతనికి మాత్రం వేరేగా ఉంది. తిమ్మిరి ఉన్నన్నాళ్లు ఇల్లంతా మసక మసకగా ఉండేది. ఇప్పుడు అన్నీ స్పష్టంగా కనపడుతున్నాయి. గూట్లో దువ్వెన, దండెం మీద ఆమె చీర, ఆమె కూర్చునే చోట అరిగిన గచ్చు. చూస్తే బాధ కలుగుతుందా అని తనను తాను తట్టి చూసుకునేవాడు. పెద్దగా ఏమీ కలిగేది కాదు. డాక్టరమ్మ తీయని సగం ఇదే కాబోలు, ఇది దాని పాటికి అది ఉంటుంది కాబోలు అనుకున్నాడు.

వానలు మొదలయ్యాక రక్తపరీక్షకు పిలిచిన రోజు అలేఖ్య మళ్లీ వచ్చింది. లెక్కలన్నీ బాగున్నాయని, కిడ్నీలు కోలుకుంటున్నాయని డాక్టరమ్మ చెప్పింది. ఇద్దరూ బస్సులో సిరిసిల్లకు తిరిగి వస్తున్నారు. నాట్లు వేస్తున్న పొలాల వెంట బస్సు పోతోంది. అలేఖ్య కిటికీ పక్కన కూర్చుని పిల్లకు పల్లీలు ఒలిచి పెడుతోంది.

"బిడ్డా" అన్నాడు సదానందం.

"ఏంది బాపూ?"

"మీ అవ్వ లేదు గదా."

అలేఖ్య చేతిలోని పల్లీలు అలాగే పట్టుకుని తండ్రి వైపు తిరిగింది. దేవవ్వ పోయిన నాటి నుంచి అతని నోట ఆ మాట రావడం ఇదే మొదలు.

"లేదు బాపూ" అంది.

సదానందం తల ఊపాడు. ఈసారి మాట మొత్తం లోపలికి దిగింది. కళ్లు తడవలేదు. అలేఖ్య చేతిలోంచి ఒక పల్లీ తీసుకుని, ఒలిచి పిల్లకు ఇచ్చాడు. పిల్ల అతని ఒళ్లోకి ఎక్కి పల్లీ ఒకటి అతని నోటికి అందించింది. అతడు నోరు తెరిచాడు. "ఉప్పువి కావు గదా?" అని కూతుర్ని అడిగి, కావని చెప్పాక నమిలాడు.