‘ఉండాడు’ అనే మాటతో మా తమ్ముడు తీసిన సినిమా

మా తమ్ముణ్ణి ఎవరైనా కామెడీ యాక్టరు అంటే నాకు కోపం రాదు. నలుగురిని నవ్వించడం ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నించి చూస్తే తెలుస్తుంది. నాకు ఒళ్లు మండేదల్లా ఆ మాటకు ముందు ‘ఉత్త’ అని తగిలించినప్పుడే. పుంగనూరులో మా ఆయనకు బట్టల కొట్టు ఉండేది. ఒకాయన వచ్చి, అరల్లోని పంచెలన్నీ కిందికి దింపించి, ఒక్కటీ కొనకుండా, "మీ తమ్ముడు ఉత్త కామెడీ ఆయప్పే కదమ్మా, ఆయప్ప సినిమా ఏం తీస్తాడు?" అన్నాడు. కాఫీ తెమ్మని అప్పుడే చెప్పి ఉన్నాను. ఆ కాఫీ ఆయన ఎదురుగానే నేను తాగేశాను. బేరం పోయిందని మా ఆయన మూతి ముడుచుకున్నాడు. ముడుచుకోనీ.

మాది కుప్పం పక్కన పల్లె. నాయన ఆవుల బేరాలు కుదిర్చేవాడు. ఆవు అనుకున్నన్ని పాలివ్వకపోతే కొన్నవాడూ అమ్మినవాడూ కలిసి మా ఇంటి మీదికి వచ్చేవాళ్లు. నాయనకు బేరాలంటే ఎంత ఇష్టమో తగాదాలంటే అంత భయం. వాకిట్లో అలికిడి కాగానే రాగుల గదిలోకి దూరి, లేనని చెప్పమని అమ్మకు సైగ చేసేవాడు. అమ్మకేమో అబద్ధం నోట్లోంచి వచ్చేది కాదు.

"మా, ఆయప్ప ఉండాడా?" అని వాళ్లు అడిగేవాళ్లు.

"ఉండాడప్పా. యాల ఉండడు? రాగుల గదిలో ఉండాడు" అనేది అమ్మ, ఎందుకుండడు అన్నట్టు చెయ్యి తిప్పుతూ.

నాయన తలమీద దుమ్ము దులుపుకుంటూ, అప్పుడే పని ముగించుకున్నవాడిలా దర్జాగా బయటికి వచ్చేవాడు. తమ్ముడూ నేనూ కడుపులు పట్టుకుని నవ్వేవాళ్లం. వచ్చినవాళ్లు కూడా నవ్వేసి, తగాదా సగం మరిచిపోయేవాళ్లు.

తొంభైలలో తమ్ముడు హైదరాబాదు చేరాడు. అప్పటికి నాయన పోయాడు. నాలుగైదేళ్లు ఎక్కడెక్కడో తిరిగి, చివరికి టీవీలో వారం వారం వచ్చే ఒక కామెడీ సీరియల్లో పనివాడి వేషం సంపాదించాడు. యజమాని ఎప్పుడూ ఎవరికో ఒకరికి భయపడి దాక్కుంటాడు. ఎవరొచ్చి అడిగినా పనివాడు లేడని చెప్పాలి. రాసిచ్చిన మాటలు ఎన్నిసార్లు చెప్పినా నవ్వు రాలేదట. డైరెక్టరు విసుక్కుంటుంటే వీడి నోట్లోంచి అమ్మ మాట దానంతటదే వచ్చేసింది. "ఉండాడప్పా. యాల ఉండడు? మంచం కింద ఉండాడు." లైట్లు పట్టుకున్న కుర్రాళ్లతో సహా అందరూ పగలబడి నవ్వారట. అంతే, ఆ మాట సీరియల్లో పాతుకుపోయింది. యజమాని ఒక వారం బీరువాలో, ఇంకో వారం నీళ్ల తొట్టిలో.

ఆ సీరియల్ వచ్చే వేళకు మదనపల్లె బస్టాండు టీ కొట్ల ముందు దారి దొరికేది కాదు. నేను బస్సు దిగి, టీవీలో వాడి ముఖం చూసి, పక్కన నిలబడ్డ ముక్కూముఖం తెలియని మనిషికి కూడా "మా తమ్ముడే" అని చెప్పేదాన్ని. తర్వాత సినిమాల్లోనూ చిన్న వేషాలు వచ్చాయి. దొంగ వేషమిచ్చినా, పూజారి వేషమిచ్చినా ఆ మాట మాత్రం చెప్పించేవాళ్లు. ఊరికి వచ్చినప్పుడు దాని కిటుకు నాకు చెప్పాడు. "మాటను మొదటిసారి అంటే వింటారు అక్కా. రెండోసారి గుర్తుపడతారు. మూడోసారి మనం నోరు తెరిచేలోపలే నవ్వేస్తారు." ఆ తెలివికి నేను మురిసిపోయాను.

అమ్మ కూడా మొదట్లో మురిసిపోయింది. అయితే ఆ మాట టీవీది కాక ముందు నుంచి అమ్మది కదా. అమ్మ నోరు తెరిస్తే వచ్చేదే అది. పాల కేంద్రంలో క్యాను దించి, "మూడు లీటర్లు ఉండాది సూడప్పా" అంటే వరుసలో ఉన్నవాళ్లందరూ "యాల ఉండదు?" అని గొల్లుమనేవాళ్లు. బస్సులో కండక్టరు, సంతలో కూరగాయలమ్మే ఆయన, అందరికీ అదే సరదా. చెడ్డవాళ్లు కారు, అభిమానంతోనే అనేవాళ్లు. అభిమానమైనా రోజూ పొద్దునా సాయంత్రమూ నెత్తిన పోస్తే మనిషికి ఊపిరాడదు.

ఒకసారి అమ్మ పుంగనూరు వచ్చింది. పక్కింటామె మాటల్లో ఆవు ఎట్లా ఉండాదని అడిగింది. అమ్మ కాసేపు ఆలోచించి, పరీక్షలో జవాబు చెప్పే పిల్లలాగా, "బాగా ఉన్నాది" అంది.

నాకు అర్థం కాలేదు. అది పుస్తకాల మాటా కాదు, మా మాటా కాదు. పక్కింటామె వెళ్లాక అడిగాను.

"ఏంమా, ఉన్నాది అంటాండావు?"

"ఉండాది అంటే నగుతారు పాపా. టీవీలో బాగా మాట్లాడేవాళ్ల మాదిరి నేర్సుకుంటాండాను."

అప్పుడు తట్టింది నాకు. ఈమధ్య పుట్టింటికి వెళ్లినప్పుడల్లా చూస్తున్నాను, నలుగురిలో అమ్మ తలూపడమే తప్ప మాట్లాడటం మానేసింది. నాయన బతికున్నప్పుడు వీధి ఆ చివర ఉన్న మనిషిని ఈ చివర నుంచి పిలిచే గొంతు అది. నాకు ఏడుపొచ్చింది, ఏడుపు వెనకే కోపం వచ్చింది. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ఎస్టీడీ బూత్‌కు వెళ్లి తమ్ముడికి ఫోన్ చేశాను.

"రేయ్, అమ్మ మాట తీసుకోని నువ్వు పేరు సంపాదిస్తివి. అమ్మకు మాట లేకుండా పోయిందిరా" అని జరిగిందంతా చెప్పాను.

వాడు అంతా విని, "నేను నవ్వించిన మాటతోనే ఏడిపిస్తా సూడక్కా" అని పెట్టేశాడు. ఏమిటో వీడి వెర్రి అనుకున్నాను.

ఆ సీరియల్ మానేశాడు. రెండు వేల సంవత్సరం దాటాక ఏళ్ల తరబడి ఒక కథ చంకన పెట్టుకుని నిర్మాతల చుట్టూ తిరిగాడు. పొలంలో బావి తవ్వుతుంటే మట్టి కూలి ఒక కుర్రవాడు లోపల చిక్కుకుంటాడు. పోయాడని ఊరంతా అంటుంది. తల్లి ఒక్కతే నమ్మదు. కథ అంతే. "నువ్వే హీరోగా కామెడీ తియ్యి, డబ్బు పెడతాం" అన్నవాళ్లే అందరూ. ఒకాయన మాత్రం ఒప్పుకున్నాడు. ఆ సినిమా తర్వాత తమ్ముడు ఇంకో రెండు తీశాడు. ఒకటి బాగా ఆడింది, ఇంకొకటి ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయిందో ఇంట్లోవాళ్లకే తెలియదు. నా మనసులో ఉండిపోయింది మాత్రం ఈ మొదటిదే.

గుర్రంకొండ దగ్గర బీడు భూముల్లో షూటింగు జరుగుతుంటే చూడ్డానికి వెళ్లాను. ఇంట్లో కూర వేడిగా ఉందో లేదో కూడా అడగడానికి మొహమాటపడే మనిషి, అక్కడ వందమందిని కనుసైగతో నడిపిస్తున్నాడు. ఎండకు ముఖం మాడిపోయి ఉంది. వాడి సినిమాలో వాడు వేషం వేయలేదు. ఆ ముఖం కనిపిస్తే జనం నవ్వుతారని వాడికి తెలుసు. ఆ పూట నాకు కలిగిన గర్వం వాడు టీవీలో మొదటిసారి కనిపించినప్పుడు కూడా కలగలేదు.

నిర్మాతకూ వాడికీ ఒక్క దగ్గరే చెడింది. బావి దగ్గర తల్లి మూడుసార్లు ‘ఉండాడు’ అంటుంది. "ఏడవాల్సిన చోట హాలంతా నవ్వుతుంది. ‘నా కొడుకు బతికే ఉన్నాడు’ అని పెట్టు" అన్నాడు నిర్మాత. వీడు వినలేదు. చివరికి నిర్మాత, "మదనపల్లెలో మొదటి ఆట మీవాళ్లతో కలిసి చూస్తా. ఆ సీను నవ్వులపాలైతే సాయంత్రం ఆటకు రీలు కత్తిరించేస్తా" అన్నాడు. తమ్ముడు సరేనన్నాడు.

అమ్మ రానని మొండికేసింది. "ఆడ కూడా నన్ను సూసి నగుతారు. నేను రాను." మా ఆయనా నేనూ బతిమాలీ, కోప్పడీ లాక్కొచ్చాం. హాలు నిండిపోయింది. కామెడీ యాక్టరు తీసిన సినిమా అని నవ్వడానికి సిద్ధమై వచ్చినవాళ్లే ఎక్కువ. తమ్ముడు వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు, పక్కన నిర్మాత.

తెర మీద పొద్దు గూకుతోంది. "ఇంక లేడమ్మా, ఇంటికి పో" అంటారు ఊరివాళ్లు. తల్లి తలెత్తి, "ఉండాడప్పా" అంది.

హాలు గొల్లుమంది. ఈలలు. ముందు బెంచీల్లోంచి ఎవడో "మంచం కింద ఉండాడు!" అని అరిచాడు. మళ్లీ నవ్వులు. అమ్మ కొంగు తలమీదికి లాక్కుని కిందికి చూస్తూ కూర్చుంది. నేను వెనక్కి తిరిగి చూశాను. తమ్ముడు తెర వైపు చూడటం లేదు, జనం తలల వైపు చూస్తున్నాడు.

తెర మీద తల్లి నేలకు చెవి ఆనించింది. "ఉండాడు. యాల ఉండడు?" అంది. ఈసారి అక్కడక్కడా నవ్వు మొదలై, మధ్యలోనే ఆగిపోయింది. నవ్వినవాళ్లు పక్కవాళ్ల ముఖాలు చూశారు.

ఊరివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. తల్లి ఎవరూ లేని చోట కూర్చుని చేతులతో మట్టి తోడుతోంది. ఎవరితోనూ కాదు, తనతో తనే అంది. "ఉండాడు."

ఒక్క ఈల లేదు. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. నా వెనక వరుసలో ఎవరో ముక్కు ఎగబీల్చారు. వెళ్లిపోయిన మనుషులు తెర మీద ఒక్కొక్కరే పారలు తీసుకుని తిరిగి వస్తుంటే, ముందు బెంచీల్లో అరిచిన గొంతే "తవ్వండప్పా, తవ్వండి!" అంది. కుర్రవాడు బయటపడినప్పుడు జనం లేచి నిలబడి కొట్టిన చప్పట్లకు నా చెవులు దిమ్మెక్కాయి. నిర్మాత కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. రీలు కత్తిరించే ఊసు మళ్లీ ఎత్తలేదు. వాడు నా తమ్ముడు అని ఆ హాల్లో ప్రతి మనిషి చెవిలో అరిచి చెప్పాలనిపించింది.

ఆట వదిలాక హాలు ముందు వీధిలో జనం తమ్ముణ్ణి చుట్టుముట్టారు. చేతులు కలిపేవాళ్లు, భుజం తట్టేవాళ్లు. అమ్మ నా చెయ్యి విడిపించుకుని, అందరినీ మోచేతులతో తోసుకుంటూ వాడి ముందుకు వెళ్లింది.

"రేయ్! ఆ బిడ్డను అంత సేపు బావిలో పెడ్తావా? తల్లి పానం ఏమైపోతాది అనుకుండావు? పొద్దన్నుంచి ఆడ కూసోనుండాదే, ఆయమ్మకు ఒక్కరన్నా గుక్కెడు నీళ్లిచ్చినారా? తీసేవోడివి నీకన్నా తెలియొద్దా?"

బి.కొత్తకోట బస్సు కోసం వెళ్తున్న ఆడవాళ్లు ఆగిపోయారు. వాళ్లలో ఒకామె, "బాగా అడిగినావమ్మా, నేనూ అదే అనుకుంటి" అంది. ఎవరూ నవ్వలేదు. అంత సినిమా తీసిన డైరెక్టరు అంతమందిలో చేతులు కట్టుకుని, "నాదే తప్పు మా" అంటున్నాడు. అమ్మ ఆపలేదు. గొంతు ఇంకా పెంచింది. ఎదురు వరుసలో కొట్లవాళ్లు కూడా బయటికి వచ్చి చూస్తున్నారు.

జనం చాలా ఎక్కువైపోతున్నారని మా ఆయన అమ్మను పక్కకు తీసుకెళ్లబోయాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఉండప్పా," అన్నాను, "తిట్టనీ."