అన్న జీపుకు తెచ్చిన మెరుపు

మా అన్న జీపు అసలు రంగు ఎరుపు అంటే కొత్తవాళ్ళెవరూ నమ్మేవాళ్ళు కాదు. రెండేళ్ళు డోన్ ఎండలో కదలకుండా నిలబడి అది సున్నం కొట్టిన గోడ మాదిరి అయిపోయింది. బానెట్ మీద చెయ్యి వేస్తే అరచేతికి ఎర్రటి పొడి అంటుకునేది. పత్తికొండ పల్లెల నుంచి డోన్ స్టేషనుకు జనాన్ని ఇరవై ఏళ్ళు మోసిన బండి అది. పెళ్ళిళ్ళకు పోయేవాళ్ళూ, టమోటా గంపలవాళ్ళూ, పురిటి నొప్పులవాళ్ళూ అందరూ అందులో ఎక్కినవాళ్ళే. నా చదువు కూడా ఆ బండి మీదే సాగింది. అన్నకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాక దాన్ని ఇంటి ముందర నిలిపేశారు.

నేను కడపలో లెక్కల మాస్టారిని. తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేను. పెళ్ళి పత్రికలో అచ్చుతప్పు ఉన్నా పెన్ను తీస్తానని మా ఇంట్లో నన్ను ఎగతాళి చేస్తారు. పోయిన ఎండాకాలం సెలవులకు అన్న ఇంటికి వెళ్ళినప్పుడు నాకు కనబడిన తప్పు ఆ జీపు. దాన్ని మళ్ళీ ఎర్రగా చేసి అన్న ముందు నిలబెట్టాలని పట్టుబట్టాను. ఇంజను సంగతి మెకానిక్ చూసుకున్నాడు. రంగు సంగతి నేను చూసుకుంటానన్నాను.

అప్పటికి అన్న కర్ర ఊతంతో నడుస్తున్నాడు. చేతికి వ్యాయామం కావాలని కర్నూలు ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒక రబ్బరు బంతి ఇచ్చి, రోజూ పిసకమని చెప్పిందట. ‘ఇది చిన్నపిల్లోళ్ళ ఆట’ అని ఆయన దాన్ని అటక మీదికి విసిరేశాడు. దానికి బదులు పొద్దున్నే కాఫీ తాగి, స్టూలు వేసుకుని జీపు పక్కన కూర్చునేవాడు. పాత పంచె ముక్క ఒకటి కుడి చేతిలో పెట్టుకుని, ఆ చేతిని ఎడమ చేత్తో నెడుతూ డ్రైవరు వైపు తలుపును గుండ్రంగా తుడిచేవాడు. నేను వెళ్ళేసరికి ఎడమ చేతి సాయం చాలావరకు అక్కర్లేకుండా పోయింది. అన్నం కూడా కుడి చేత్తోనే కలుపుకుంటున్నాడు, ముద్ద మాత్రం అక్కడక్కడా జారేది. ఇవన్నీ నేను చూశాను. చూసి, మనిషి కోలుకుంటున్నాడని సంతోషించాను కూడా. ఎందువల్ల కోలుకుంటున్నాడో మాత్రం ఆలోచించలేదు.

ఆయన తుడిచేది పొడి గుడ్డతో. మా వైపు బండి కడగడం అంటే మాటలు కాదు. కుళాయి నాలుగు రోజులకోసారి వస్తుంది. బకెట్ పట్టుకుని బండి దగ్గరికి వెళితే వదిన కడవలకేసి ఒక చూపు, నాకేసి ఒక చూపు చూసేది. అందుకని పొలంలో బోరు నుంచి క్యాన్లతో నీళ్ళు తెచ్చి రెండుసార్లు షాంపూతో కడిగాను. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్న విద్య. తర్వాత రబ్బింగ్ పేస్టు. రేకు వేడెక్కితే పేస్టు ఎండిపోతుంది కాబట్టి పొద్దు పొడవక ముందే మొదలుపెట్టి, చేయగలిగినంత చేసేవాణ్ణి. మొదటి రోజు గుడ్డంతా కుంకుమ అద్దినట్టు ఎర్రబడింది. చచ్చిపోయిన పై పొర అలా ఊడి వస్తుంటే అడుగు నుంచి అసలు ఎరుపు బయటపడింది. జానెడు మేర మెరవగానే నేను అందరినీ పిలిచి చూపించాను. అన్న స్టూలు కాస్త వెనక్కి జరుపుకుని కూర్చుని, ‘శానా బాగుండాదిరా’ అన్నాడు.

నెల రోజులు రుద్దాను. భుజాలు పట్టేశాయి. ఆఖరున మెత్తటి గుడ్డతో వ్యాక్స్ పట్టించి, ఆరనిచ్చి తుడిచాక బానెట్‌లో నా మొహం కనబడింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి, ‘ఏమప్పా, కొత్త బండి కొంటివా?’ అని అడుగుతుంటే నా గొప్పతనం నాకే ముచ్చటేసింది.

మర్నాడు పొద్దున్నే బయటికి వచ్చేసరికి అన్న స్టూలు మీద కూర్చుని, అదే పంచె ముక్కతో అదే తలుపు తుడుస్తున్నాడు. ఏటవాలుగా పడిన ఎండలో తలుపు నిండా గుండ్రటి సన్నగీతలు కనబడ్డాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

‘ఏం పని అన్నా ఇది! నెల దినాలు నేను చచ్చి మెరుపు తెస్తే, ఆ దుమ్ము గుడ్డతో రుద్దుతాండావే! ఒక్కో నలుసూ ఒక్కో గీత పెడతాది, తెలుసునా?’

‘తెలీదురా. రోజూ తుడిచేదే కదా అని...’

‘ఇంక నువ్వు దీన్ని ముట్టుకోవద్దు.’

వదిన గడప దగ్గరికి వచ్చి, ‘పోనీలేప్పా. ఆయప్పకు యాడికీ పోయేదానికి లేదు. దాని దగ్గర కూచుంటే ఇంత పొద్దు పోతాది’ అంది. నేను వినలేదు. గుడ్డ ఇమ్మని చెయ్యి చాపాను. అన్న వేళ్ళు దాన్ని బిగించి పట్టుకుని ఉన్నాయి. నేనే లాక్కున్నాను. ఈ మనిషి పడిపోయిన చేత్తో ఇంత గట్టిగా పట్టుకోగలుగుతున్నాడే అని ఆ క్షణంలో తోచి ఉంటే ఎంత బాగుండేది! నాకు గీతలే కనబడ్డాయి. ‘సరేలేరా’ అని ఆయన కర్ర అందుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ తలుపును మళ్ళీ రుద్ది సరిచేశాను. బండికి మందపాటి కవరు కొని తొడిగాను. బడులు తెరిచాక కడప నుంచి ప్రతి ఆదివారం ఫోను చేసి, కవరు తీయలేదు కదా, కోళ్ళు ఎక్కడం లేదు కదా అని అడిగేవాణ్ణి. అన్న చెయ్యి ఎట్లుందని ఒక్కసారైనా అడిగానేమో గుర్తు చేసుకోవాలని చూస్తాను. గుర్తు రాదు.

దసరాకు వెళ్ళాను. ఆయుధపూజ నాడు కవరు తీస్తే జీపు ధగధగలాడింది. చుట్టుపక్కలవాళ్ళు చేరారు. పసుపు, నిమ్మరసం రంగును తినేస్తాయని బొట్లు అద్దం మీదనే పెట్టాలని అందరికీ పాఠం కూడా చెప్పాను. మొదటి బొట్టు అన్న పెట్టాలి కదా అని కుంకుమ గిన్నె ఆయన ముందు పట్టాను. ఆయన ఎడమ చెయ్యి చాపాడు.

‘కుడి చేత్తో పెట్టన్నా’ అన్నాను.

ఆయన కుడి చెయ్యి పైకి తేవాలని చూశాడు. మోచెయ్యి కొంచెం కదిలింది. వేళ్ళు ముడుచుకుని అరచేతికి అంటుకుపోయి ఉన్నాయి. వదిన తల తిప్పుకుని, ‘అన్నం నేనే కలిపిస్తాండానప్పా, మూడు నెలలాయ’ అంది. అప్పుడు గానీ నాకు వెలగలేదు. వెలిగాక ఆ మెరిసే తలుపు వైపు చూడలేకపోయాను.

పండగ మర్నాడే అన్నను అదే జీపులో కర్నూలు తీసుకెళ్ళాను. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విప్పి చూసి, ‘ఎండాకాలంలో వచ్చినప్పుడు ఈ చేత్తో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నావు కదా పెద్దాయనా! ఏదో పని చేసేవాడివి, ఎందుకు మానేశావు?’ అని అడిగింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

‘నాకే సోమరితనమాయ తల్లీ. నేనే ఇడిసిపెడితి’ అన్నాడు అన్న.

ఆ అమ్మాయి ఆయన్ని మందలించింది. ఇన్ని నెలలు బిగుసుకుపోయిన వేళ్ళు మళ్ళీ వస్తాయో రావో చెప్పలేనంది. నేనే మాన్పించానని నేను చెప్పాల్సింది. పదిహేనేళ్ళుగా పిల్లల తప్పులు నలుగురి ముందూ ఎత్తిచూపినవాణ్ణి, నా తప్పు ఒకటి చెప్పుకోవడానికి నోరు రాలేదు.

బయట జీపు ఎక్కించి కూర్చోబెట్టాక, ‘అట్ల యాల చెప్తివన్నా?’ అని అడిగాను.

‘ఇంకేం చెప్పమంటావురా? నా కోసమని నెల దినాలు ఎండలో రుద్దినోడివి. నిన్ను ఆయమ్మతో తిట్టించాల్నా?’ అన్నాడు.

ఆయన కోసం అయితే ఆ గుడ్డ లాక్కునేవాణ్ణి కాదు. నేను రుద్దింది నా మొహం చూసుకోవడానికే. ఆ మాట ఆ రోజు ఆయనతో అనలేకపోయాను. ఇప్పటికీ అనలేదు.