లచ్చవ్వ ఇంటి తలుపు

మొన్న పెద్దపల్లి బస్సులో నా పక్కన కూర్చున్నామె ఒడిలోని తడి గోనెసంచి నుంచి నానిన తునికాకు వాసన వచ్చింది. కొంచెం వగరు, కొంచెం మట్టి, వెనక ఎక్కడో తంబాకు ఘాటు. రెండు ఊళ్లు దాటేదాకా ఓర్చుకున్నాను. తర్వాత లేచి వెనక్కి వెళ్లి నిలబడ్డాను.

మంథని దగ్గర మా ఊళ్లో ఆ వాసన లేని ఇల్లు లేదు. ఎండాకాలం పొద్దున, ఎండ ముదరకముందే, నేను అవ్వ అని పిలిచే మా అమ్మ శాంతమ్మ, ఎదురింటి లచ్చవ్వ మా వాకిట్లో చిక్కుడు పందిరి కింద చేటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతుంటే, లచ్చవ్వ కూతురు స్వరూప, నేను కత్తెర కింద రాలిన ఆకు ముక్కలు ఏరుకొని దుకాణం ఆట ఆడేవాళ్లం. మాది చర్చికి పోయే ఇల్లు, వాళ్లది సాలెవాళ్ల ఇల్లు. క్రిస్మస్‌కు మా గరిజలు వాళ్లింటికి పోయేవి, సద్దుల బతుకమ్మ నాడు లచ్చవ్వ బెల్లం, నెయ్యి వేసి పిసికిన మలీద ముద్దలు ఇంకా వెచ్చగా ఉండగానే మా ఇంటికి వచ్చేవి. లచ్చవ్వ భర్త భీవండిలో మరమగ్గాల మీద పని చేసేవాడు. ఏడాదికోసారి వచ్చేవాడు.

నేను ఆరో తరగతిలో ఉండగా ఊళ్లోకి గుంపు లోన్లు వచ్చాయి. పది మంది ఆడవాళ్లు ఒక గుంపు, ఒకరు కట్టకపోతే మిగిలిన తొమ్మిది మంది కట్టాలి. చదవడం వచ్చు కాబట్టి మా అవ్వ లీడరయింది. లచ్చవ్వకు సంతకం రాదు. అవ్వ నా పలక తీసుకొని వారం రోజులు ఆమెకు పేరు రాయడం నేర్పింది.

"గీ వత్తు నాతోని కాదక్కా."

"అయితది. జర నిమ్మలంగ గియ్యి."

చివరికి పేరు కుదిరిన రోజు లచ్చవ్వ సాయంత్రందాకా ఆ పలక నన్ను తుడవనివ్వలేదు.

లోనుతో ఆమె బర్రెను కొన్నది. ఆ చలికాలమంతా మా రెండిళ్లలోనూ పాలు పొంగిన వాసనే. గిన్నె అడుగున అంటుకున్న మీగడ గోకు కోసం స్వరూప, నేను కొట్లాడుకునేవాళ్లం. వానాకాలం మొదట్లో బర్రెకు గొంతువాపు వచ్చి రెండు రోజుల్లో చచ్చిపోయింది. కిస్తీ మాత్రం ప్రతి మంగళవారం వచ్చింది. రెండు వారాలు గుంపులోని వాళ్లు తలా కొంత వేసి కట్టారు. మూడో మంగళవారం ఎవరి దగ్గరా లేదు.

లోను సారు మా అరుగు మీద కూర్చొని చాయ్ తాగుతూ, గొంతు పెంచకుండానే అన్నాడు. "మొత్తం వచ్చేదాక ఎవ్వలు లేవద్దమ్మా. గిట్లయితే మీ గుంపుకు ఇంకో లోను రాదు."

ఆ ఇంకో లోను మా అవ్వ అడిగింది. నన్ను కరీంనగర్ హాస్టల్లో వేయడానికి. నాట్లకు పోవలసిన ఆడవాళ్లు పొద్దంతా మా ఇంటి ముందు కూర్చున్నారు, గొణిగారు, చంటిపిల్లలకు అక్కడే పాలిచ్చారు. మధ్యాహ్నం దాటాక అవ్వ లేచింది. అందరూ ఆమె వెంట నడిచారు. నేను, స్వరూప చేతులు పట్టుకొని వెనకే పోయాం.

లచ్చవ్వ ఇంట్లో ఆకు కత్తిరిస్తోంది.

"ఆదివారం దాంక ఆగక్కా. ఆయినకు ఫోన్ చేసిన, పైసలు పంపుతనన్నడు."

అవ్వ ఆమె వైపు చూడలేదు. ఆడవాళ్లతో, "తలుపు తియ్యుండ్రి" అంది.

నలుగురు కలిసి టేకు తలుపును బందుల నుంచి లేపారు. లచ్చవ్వ ఏడవలేదు. లేచి వచ్చి, వాళ్ల కాళ్లకు తగలకుండా గడప దగ్గరి నీళ్ల బిందెను పక్కకు జరిపింది. స్వరూప నా చేయి వదిలేసింది.

బాకీ కట్టేదాకా తాకట్టుగా ఆ తలుపు మా గోడకు ఆనించి ఉండేది. ఎదురింటి గుమ్మానికి లచ్చవ్వ ఆకుపచ్చ చీర కట్టింది. నేను అన్నానికి కూర్చుంటే ఎదురుగా అదే కనిపించేది, గాలికి ఉబ్బి లోపలికీ బయటికీ ఊగుతూ. స్వరూప ఆటకు రాలేదు. పదో రోజు పొద్దున చూస్తే చీర లేదు. తల్లీకూతుళ్లు భీవండికి పోయారు.

ఆ రోజే అవ్వ, బాపు ఆ తలుపును మోసుకుపోయి ఖాళీ ఇంటికి బిగించి వచ్చారు. మిగిలిన కిస్తీలు తొమ్మిది మందీ కట్టారు. కొత్త లోను వచ్చింది. నేను హాస్టల్‌కు పోయాను. నా ఉద్యోగం ఆ చదువుతో వచ్చిందే. అవ్వ లీడరుగా మళ్లీ ఉండలేదు. సెలవులకు వచ్చి చర్చిలో ఆమె పక్కన నిలబడితే, ప్రభువు ప్రార్థనలో 'మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము' అనే చోట ఆమె పెదవులు కదిలేవి కావు.

మూడేళ్ల కింద మంథని బస్టాండులో స్వరూప కనిపించింది. ఏదో కాగితం కోసం వచ్చిందట. వాళ్ల అవ్వ గురించి అడిగాను.

"పోయి నాలుగేండ్లాయె."

"మా ముచ్చట ఎప్పుడన్న తీసేదా?"

"లేదు. ఈ ఊరి పేరే ఎత్తకపోయేది." సంచి భుజానికి సర్దుకొని, "నువ్వేం చేస్తున్నవ్?" అంది. చెప్పాను. "మంచిగ సదువుకున్నవ్" అంది, ఎత్తిపొడుపేమీ లేకుండా. బస్సు వస్తే ఎక్కిపోయింది.

ఇప్పుడు మా వాడకట్టులో నలుగురు కూర్చొని బీడీలు చుట్టే వాకిలి లేదు. సిమెంటు రోడ్డు గడపలదాకా వచ్చింది. లోన్లు ఫోన్లలోకే వస్తున్నాయి, ఎవరికెంత ఉందో పక్కింటికి తెలియదు. అవ్వకు మతిమరుపు మొదలైంది, నిన్న తిన్నది గుర్తుండదు. నేను ఊరికి పోయిన ప్రతిసారీ మాత్రం అడుగుతుంది.

"స్వరూప నన్నేమన్న అన్నదా?"

"ఏమనలేదవ్వా."

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూస్తుంది.

"ఏమన్న అంటే మంచిగుండేది" అంటుంది.